అట్ట కవచం, ఫోమ్ శిరస్త్రాణం: పల్నాటి వేషానికి ఏది నప్పుతుంది?

మాచర్లలో బడి వార్షికోత్సవానికి పిల్లవాడికి పల్నాటి వీరుడు బాలచంద్రుడి వేషం కట్టాలంటే ఈ రోజుల్లో మూడు దారులున్నాయి. నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే చోట ముఖమల్ గుడ్డ మీద చెమ్కీలు కుట్టిన కవచం తెచ్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ కత్తీ డాలూ కలిపి అమ్మే సెట్టు తెప్పించుకోవచ్చు. లేదంటే ఫోన్లో వీడియో చూసి, అట్టతోనో ఫోమ్ షీటుతోనో ఇంట్లోనే చేసుకోవచ్చు. మొదటి రెండిటికీ డబ్బుంటే చాలు. మూడోదానికి కొలత, కోత, అతుకు తెలియాలి. ఈ సమీక్ష ఆ మూడో దారి గురించి. కాగితపు నమూనాలతో, ఫోమ్ షీట్లతో వేషపు కవచాలూ శిరస్త్రాణాలూ చేసే పని ఎక్కడిదాకా వచ్చింది? మన ఎండకు, మన నాటకానికి, మన చేతికి అందులో ఏది నిలుస్తుంది?

పల్నాట కూర్చుని ఈ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. 1182 ప్రాంతంలో జరిగిందని ఎక్కువమంది చెప్పే పల్నాటి యుద్ధానికి కారంపూడి రణభూమి. మాచర్ల మలిదేవుడికి, గురజాల నలగాముడికి రాజధానులు. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు ఇక్కడ ఇంటింటికీ తెలిసిన పేర్లు. ఏటా కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు పేర్లతో కారంపూడిలో వీరారాధన జరుగుతుంది. ఇదే కథ ‘పల్నాటి యుద్ధం’ పేరుతో 1947లో ఒకసారి, 1966లో ఒకసారి తెరకెక్కింది. యుద్ధవేషం మీద ఇంత మక్కువ ఉన్న సీమ తెలుగునాట మరొకటి కనపడదు.

ముందే ఒక గీత గీసుకోవాలి. ఆరాధనలో పూజలందుకునే వీరుల ఆయుధాలు, కొణతాలు, వేషపు సామాను కావు. అవి దేవుళ్లతో సమానం. వాటికి అట్ట నకళ్లు తీసే ఆలోచన ఈ వ్యాసానికి లేదు. ఇక్కడ మాట్లాడుకునేది రంగస్థలానికి, బడికి, ఊరేగింపుకు, పోటీకి కట్టే వేషం గురించి మాత్రమే.

చెక్క, చింతగింజ, అట్ట

తేలికైన సరుకుతో బరువైన వస్తువును భ్రమింపజేయడం తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల అంబలిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కకు ముక్క అతికి బొమ్మ నిలబెడతారు. చేర్యాలలో కొబ్బరిచిప్ప మీద ఇలాంటి ముద్దే పెట్టి ముఖాలు దిద్దుతారు. చిందు యక్షగానం వాళ్ల కిరీటాలూ భుజకీర్తులూ తేలికపాటి చెక్కవే; వాటి మీద రంగు, అద్దం, మెరుగుకాగితం పడేసరికి దివిటీ వెలుగులో బంగారంలా కనిపించేవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సురభి సమాజం నుంచి ఊరూరి పద్య నాటకాల దాకా అట్ట కిరీటం, తగరపు కాగితం, గాజుపూసలు, ముఖమల్ గుడ్డ కలిసి రాజసాన్ని మోశాయి.

ఈ పాత పద్ధతిలో మూడు గుణాలు ఈనాటికీ గమనించదగ్గవి. మొదటిది, వేషాన్ని దూరం నుంచి చూస్తారన్న ఎరుక. చివరి వరుసలో చాప మీద కూర్చున్నవాడికి కిరీటం అంచు, భుజకీర్తి ఒంపు కనపడాలి. సన్న నగిషీ ఎవరికీ అక్కరలేదు. రెండోది, మరమ్మతు. ఊడిన అద్దాన్ని తెర వెనక అయిదు నిమిషాల్లో అతికించుకోవచ్చు. మూడోది, నటుడి ముఖం. మన రంగస్థలం మీద తలకట్టు పైకి పెరుగుతుంది గాని ముఖం మీదికి దిగదు. పద్యం పాడేవాడికి దవడ ఆడాలి, చెవికి హార్మోనియం శ్రుతి వినపడాలి. చెవులు మూసే శిరస్త్రాణం పెట్టుకుని రాగం తీస్తే శ్రుతి ఎటో, గొంతు ఎటో. మన నాటకంలో శిరస్త్రాణం కన్నా కిరీటానిదే పెత్తనం ఎందుకైందంటే సగం జవాబు ఇక్కడుంది.

లోపాలూ లేకపోలేదు. చెక్క కిరీటం గట్టిదే, కాని చెక్కేవాడు దొరకాలి. అట్ట కిరీటం చవక, కాని చెమట తగిలితే అంచు మెత్తబడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే ఆ పనిలో నమూనా కాగితం మీద మిగలదు, పనివాడి చేతిలోనే ఉంటుంది. ఆ చెయ్యి ఆగితే కొలత కూడా పోతుంది. కొత్త పద్ధతి సరిగ్గా ఈ లోటు దగ్గరే పనికొస్తుంది.

కాగితం మీద విప్పిన తల

కొత్త పద్ధతికి మూలం కంప్యూటరులో గీసిన ఆకారాన్ని చదునుగా విప్పడం. జపానుకు చెందిన టామా సాఫ్ట్‌వేర్ తయారుచేసిన పెపకురా డిజైనర్ ఇందులో బాగా పేరున్న సాధనం. మూడు కొలతల నమూనాను అది చిన్నచిన్న ముఖాలుగా విడదీసి ఎ4 కాగితాల మీద పరుస్తుంది. ఎక్కడ కోయాలి, ఎక్కడ లోపలికి మడవాలి, ఎక్కడ బయటికి మడవాలి, ఏ అంచు ఏ అంచుకు అతకాలి అన్నదానికి గీతలూ అంకెలూ వేసి ఇస్తుంది. పెద్దవాళ్ల శిరస్త్రాణానికి పది పన్నెండు కాగితాలు పడతాయి. 180 నుంచి 220 జి.ఎస్.ఎం. మందం ఉన్న కాగితమైతే మడత పదునుగా వస్తుంది, ఆకారం నిలుస్తుంది.

దీని వెనక ఉన్న లెక్క పాతది. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెఖ్ట్ డ్యూరర్ 1525లో అచ్చువేసిన జ్యామితి గ్రంథంలో ఘనాకారాలను కాగితం మీద విప్పి చూపించాడు. ఏ కుంభాకార ఘనాన్నయినా అంచుల వెంట కోసి, ముక్కలు ఒకదానిమీదొకటి పడకుండా ఒకే తునకగా పరచగలమా అన్న ప్రశ్నను 1975లో గణితవేత్త షెపర్డ్ స్పష్టంగా అడిగాడు. దానికి ఇప్పటికీ తుది జవాబు రాలేదు. గుండ్రటి ఉపరితలాన్ని సాగదీయకుండా, నలపకుండా చదును చేయడం కుదరదని గణితవేత్త గౌస్ 1827లోనే తేల్చాడు. తల గుండ్రంగా ఉంటుంది, కాగితం చదునుగా ఉంటుంది. ఈ రెంటికీ మధ్య రాజీ ఎక్కడ కుదర్చాలన్నదే నమూనా గీసేవాడి పనంతా.

ఈ రాజీ మన ఊళ్లో దర్జీకి బాగా తెలుసు. రవికకు టక్స్ ఎందుకు వేస్తాడో అడగండి; గౌస్ పేరు ఎత్తకుండా గౌస్ సిద్ధాంతం చెబుతాడు. అందుకే సాఫ్ట్‌వేర్ లేకపోయినా నమూనా తీసే దారి ఒకటుంది. తలకు పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, ముఖం మీదికి రాకుండా చూసుకుని, దానిమీద కాగితపు టేపును అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస అంటించాలి. నుదుటి మధ్య నుంచి మెడ వెనకదాకా స్కెచ్ పెన్నుతో ఒక గీత, చెవి నుంచి చెవికి నడినెత్తి మీదుగా ఇంకో గీత. రెండూ కలిసే చోట చిన్న గుండ్రటి గుర్తు. తీసి ఆ గీతల వెంట కత్తిరిస్తే నాలుగు రేకులొస్తాయి. రేకు చదునుగా పడుకోనని మొరాయించే చోట కత్తెరతో చిన్న గాటు పెడితే అది తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుందో అంత టక్స్. ఒక పక్క రెండు రేకులు అట్ట మీద గీసుకుని, వాటినే తిరగేసి రెండో పక్కకు వాడితే సరిపోతుంది. మనిషి తల రెండు పక్కలా ఒకేలా ఉండదు, వేషం మాత్రం ఒకేలా ఉండాలి.

కాగితపు శిరస్త్రాణాన్ని అలాగే వేసుకోవచ్చా? ఒక్కపూట వేషానికి వేసుకోవచ్చు. ఎక్కువ రోజులు నిలవాలంటే గట్టిపరచాలి. విదేశాల్లో లోపలివైపు పాలియెస్టర్ రెజిన్ పూసి ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికే పద్ధతి చాలాకాలం నడిచింది. ఆకారం రాయిలా బిగుస్తుంది, నిజమే. కాని రెజిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరి ఘాటైనది. గట్టిపరచే ద్రావణం కంట్లో పడితే చూపుకే ముప్పు. గాలి ఆడని గదిలో, పిల్లలున్న ఇంట్లో ఈ పని వద్దు. దానికి బదులు మనవాళ్లు ఎరిగిన పద్ధతే మేలు: మైదా ఉడికించిన జిగురులో వార్తాపత్రిక పేలికలు ముంచి, ఒక పొర అడ్డంగా, ఇంకో పొర నిలువుగా ఆరేడు పొరలు వేయడం. పొరపొరకూ ఆరనివ్వాలి. పైన లప్పం పూసి, ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టాలి. గోడపత్రికలు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం కాబట్టి తలకు తగిలే సామానులో, పిల్లలు ముట్టే జిగురులో కలపకూడదు. పూర్తిగా ఎండబెట్టి రంగు వేస్తే చాలు.

కాగితం మీద చులకన భావం ఉన్నవాళ్లకు ఒక మాట. చైనాలో తాంగ్ వంశ కాలంలో, 9వ శతాబ్దంలో, మడతలు మడతలుగా పేర్చిన కాగితంతో సైనికులకే కవచాలు చేశారు. బాణాలు వాటిని దాటలేదని ఆ రాజవంశ చరిత్ర చెబుతుంది. ప్రాచీన గ్రీకులు నారగుడ్డ కవచాలు తొడిగేవారు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం గ్రీన్‌బే శాఖలో గ్రెగరీ ఆల్డ్రెట్ బృందం జిగురుతో పొరలు వేసి అలాంటివి తయారుచేసి, బాణాలతో పరీక్షించి 2013లో పుస్తకం వేసింది. పల్చటి సరుకైనా పొర మీద పొర పడితే బలమొస్తుందని రెండు ఉదాహరణలూ చెబుతున్నాయి.

ఫోమ్ తెచ్చిన మార్పు

ఈ రంగంలో ఇప్పుడు రాజ్యమేలుతున్నది ఇ.వి.ఎ. ఫోమ్. పూర్తిపేరు ఇథిలీన్ వినైల్ అసిటేట్. తేలికపాటి చెప్పుల అడుగులకు, వ్యాయామశాలల్లో నేల మీద పరిచే పలకలకు, బడి పిల్లల క్రాఫ్ట్ షీట్లకు వాడేది ఇదే. 2 మిల్లీమీటర్ల షీటు అంచులకు, నగిషీకి. 5 మిల్లీమీటర్లది శిరస్త్రాణానికి, ముంజేతి తొడుగుకు. 10 మిల్లీమీటర్లది ఛాతీకవచానికి సరిపోతుంది.

దీని గొప్ప బరువు లెక్కలో తెలుస్తుంది. 10 మిల్లీమీటర్ల నేలపలక చదరపు మీటరుకు సుమారు ఒక కిలో తూగుతుంది. ఛాతీకీ వీపుకీ కలిపి అర చదరపు మీటరు అనుకుంటే అర కిలో. అదే ఒకటిన్నర మిల్లీమీటర్ల ఇనుపరేకుతో చేస్తే దాదాపు ఆరు కిలోలు. తెల్లవార్లూ సాగే నాటకంలో ఈ తేడా నటుడి భుజానికి తెలుస్తుంది.

ఫోమ్‌కు రెండో వరం వేడికి వంగడం. హీట్‌గన్ కింద షీటును ఆడిస్తూ ఉంటే పైపొర ముందు మసకగా ఉండి, కాసేపటికి సన్నగా నిగనిగలాడుతుంది. అదే గుర్తు. వెంటనే మోకాలి మీదో బిందె మీదో వంచి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ ఒంపు అలాగే ఉండిపోతుంది. కట్టర్‌తో పైపైన గీత గీసి వేడి చూపిస్తే గీత తనంతట తానే విచ్చుకుని లోహపు పలకల మధ్య సందులా కనిపిస్తుంది. పూర్వం చెక్క మీద గంటలు పట్టే గీతపని నిమిషాల్లో తేలిపోతుంది. వేడి చూపిన పైపొర కొంత మూసుకుంటుంది కాబట్టి రంగును తాగేయడం కూడా తగ్గుతుంది. దానిమీద తెల్ల ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలిపి రెండు మూడు పూతలు వేసి, నలుపు రంగు కొట్టి, అది ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో అంచులకు మాత్రం వెండిరంగు తాకిస్తే పాత ఇనుము వచ్చేస్తుంది. అంతటా వెండిరంగు కొడితే వచ్చేది గిన్నె.

అతుకు దగ్గర చెప్పులు కుట్టేవాళ్ల విద్య అక్కరకొస్తుంది. వాళ్లు సొల్యూషన్ అనే రబ్బరు జిగురు, వడ్రంగులు సన్‌మైకాకు వాడే ఫెవికాల్ ఎస్.ఆర్. 998, ఒకే తరహావి. రెండు అంచులకూ పూసి, పది నిమిషాలు ఆగి, వేలికి అంటుకోనంతగా ఆరాక కలిపి నొక్కాలి. తడి మీద కలిపితే పట్టదు. ఆరాక ఒక్కసారి తగిలిందంటే మళ్లీ సరిచేసుకోవడం కష్టం. అందుకే ముందే రెండు అంచులమీదా అడ్డంగా చిన్న గుర్తులు పెట్టుకుని, ఆ గుర్తులు కలిసేలా చివరల నుంచి మధ్యకు నొక్కుకుంటూ రావాలి. చెప్పుల కొట్టులో ఈ పని ఒక పూట నిలబడి చూసినవాడికి సగం వీడియోలు అక్కరలేదు.

కాగితం నుంచి ఫోమ్‌కు మారేటప్పుడు చాలామంది బోల్తాపడేది మందం దగ్గర. కాగితపు నమూనాకు మందం లేనట్టే లెక్క. తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లని, అంతే పొడవు 10 మిల్లీమీటర్ల ఫోమ్ పట్టీ కోసి గుండ్రంగా కలిపితే, 58 ఉండేది ఫోమ్ నడిమందం దగ్గర. లోపలి చుట్టు 55కు దగ్గరగా పడిపోతుంది. మందాన్ని 3.14తో హెచ్చవేసి ఆ మేరకు పట్టీ పెంచుకోవాలి. 10 మిల్లీమీటర్లకు 3 సెంటీమీటర్ల పైచిలుకు, 5 మిల్లీమీటర్లకు ఒకటిన్నర. ఆ పైన అస్తరు గుడ్డకూ జుట్టుకూ ఇంకాస్త. తొమ్మిదో తరగతి క్షేత్రమితిని ఇంతకన్నా రుచిగా చెప్పే పాఠం దొరకదు.

ఫోమ్ మన సినిమాలోకి ఎప్పుడో వచ్చేసింది. 2015లో వచ్చిన ‘బాహుబలి’కి సాబు సిరిల్ కళాదర్శకత్వంలో కత్తులు, శిరస్త్రాణాలు, కవచాలు అన్నీ కలిపి 20,000 దాకా చేయించామని చిత్రబృందం చెప్పుకుంది. తోలులా కనిపించే కవచాలకు చెప్పుల తయారీలో వాడే ఫ్లెక్సీ ఫోమ్, కత్తులకు ఉక్కు బదులు కార్బన్ ఫైబర్ వాడారు. 1977 నాటి ‘స్టార్ వార్స్’ సైనికుల తెల్ల కవచాలు వేడిచేసిన ప్లాస్టిక్ షీటును అచ్చు మీదికి గాలితో పీల్చి చేసినవి. వాటిని ఇళ్లలో చేసుకునే అభిమానులు 1997లో 501వ లీజియన్ అనే సంఘం పెట్టుకున్నారు. హైదరాబాదులో కామిక్ కాన్ 2013లో మొదలయ్యాక, మన పిల్లలు కూడా ఫోమ్ కవచాలు తొడిగి వేదిక ఎక్కుతున్నారు. సరుకు చెప్పులదే, ఆ విద్య మాత్రం స్టూడియో గోడలు దాటి వీధిలోకి వచ్చింది.

రెంటచింతల ఎండ, కార్తీకపు మంచు

వీడియోల్లో ఎవరూ చెప్పనిది వాతావరణం. అవి చేసేవాళ్లు చలిదేశాల్లో ఉంటారు. మాచర్ల పక్కనే ఉన్న రెంటచింతల వేసవిలో రాష్ట్రంలోకెల్లా వేడి ఊరని ఏటా వార్తల్లోకెక్కుతుంది. ఇక్కడ కవచానికి ముగ్గురు శత్రువులు: ఎండ, చెమట, మంచు.

ఎండకు ముందు లొంగేది గ్లూగన్ అతుకు. గ్లూగన్ కడ్డీల్లో ఎక్కువ భాగం ఇ.వి.ఎ. తరహావే, 70, 80 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మెత్తబడతాయి. మే నెలలో అద్దాలు ఎత్తి నిలిపిన కారులో, డ్యాష్‌బోర్డు మీద వేడి ఆ దరిదాపులకు చేరుతుంది. పొద్దున ముచ్చటగా ఉన్న భుజకీర్తి సాయంత్రానికి అతుకు విడిపోతుంది, ఫోమ్‌లో పెట్టిన ఒంపు కూడా సాగిపోతుంది. తిరునాళ్లకు చేసే వేషంలో గ్లూగన్‌ను అలంకారానికే ఉంచి, బరువు మోసే ప్రతి అతుకునూ సొల్యూషన్‌తో వేసుకోవాలి. సామాను కారు డిక్కీలో కాకుండా నీడలో, తలకిందులుగా కాకుండా ఏదైనా బానకో బిందెకో తొడిగి ఉంచాలి.

చెమట సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. ఫోమ్‌లోని గాలి అరలు మూసుకుపోయినవి. గాలి పోదు, చెమట ఇంకదు. తొడిగినవాడు లోపల ఉడుకుతాడు. ఛాతీకవచం పక్కలు మూయకుండా వెల్‌క్రో పట్టీలతో బిగించుకునేలా వదిలేయాలి. లోపల నూలుగుడ్డ అస్తరు వెల్‌క్రోతో పెడితే తీసి ఉతుక్కోవచ్చు. శిరస్త్రాణం నడినెత్తిన శిఖ కింద కనపడకుండా రెండు రంధ్రాలు పెడితే వేడిగాలి పైకి పోతుంది. పిల్లలకైతే అరగంటకొకసారి తీసి నీళ్లు తాగించాలి.

మంచుది కాగితంతో వైరం. వీరారాధన వేళకు రాత్రిళ్లు చలి తిరుగుతుంది. ఆరుబయట మైదానంలో తెల్లవారుజాముకు అట్ట చెమ్మగిల్లుతుంది. లప్పం, రంగు వేసిన పైవైపు తట్టుకుంటుంది కాని పచ్చిగా వదిలేసిన లోపలివైపు ఉబ్బుతుంది. అందరూ పైవైపే రంగేసి మురుస్తారు. లోపల కూడా ఒక పూత వార్నిష్ వేస్తేనే ఆ శిరస్త్రాణం మరో ఏడు చూస్తుంది.

ఈ పరీక్షల తర్వాత తీర్పు స్పష్టం. ఒంటికి తొడిగేవాటికి ఫోమ్. తలమీద ఎత్తుగా నిలబడే కిరీటానికి, శిఖకు, డాలు మీది ఉబ్బెత్తు బొమ్మకు కాగితం. కొలత తీయడానికి, తప్పు దిద్దుకోవడానికి ఎప్పుడైనా కాగితమే ముందు.

బాలచంద్రుడికి రోమన్ టోపీయా?

ఇక పనితనం దాటిన చిక్కు. ఉచితంగా దొరికే నమూనాల్లో ఎక్కువ భాగం గ్రీకు, రోమన్, జపాన్ యోధులవి, లేదంటే హాలీవుడ్ పాత్రలవి. పల్నాటి పిల్లవాడు దించుకున్నది దించుకున్నట్టు చేస్తే బాలచంద్రుడి నెత్తిన ఎర్రకుచ్చు రోమన్ టోపీ ఎక్కుతుంది. ‘బాహుబలి’ నమూనా పట్టుకుంటే ఆ సినిమాలోని మాహిష్మతి సేనాని తయారవుతాడు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు, సరే. పల్నాటి వీరుడు ఎలా ఉండేవాడో ఆ పిల్లవాడికి తెలిసే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఆధారాలు మన చుట్టూనే ఉన్నాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు దొరికాయి. యుద్ధంలో పడ్డవాళ్ల స్మృతిలో నిలిపినవి అందులో ఉన్నాయి. అక్కడి శిల్పాల్లో పొడుగు అంగీ, తలకు టోపీ, చేత ఈటె ఉన్న శకయోధుడు కనిపిస్తాడు. మధ్యయుగపు స్మారక శిలలైన వీరగల్లుల మీద సాధారణంగా కనిపించే వీరుడు మాత్రం మోకాలి పైకి బిగించిన పంచె, ముడివేసిన జుట్టు, చేత కత్తి, డాలుతో ఉంటాడు. ఒంటిమీద లోహపు పలకలుండవు. 13వ శతాబ్దం చివర దక్షిణాదిని చూసిన మార్కో పోలో తమిళ తీరపు యోధులు ఈటె, డాలు మాత్రమే పట్టి, కవచం లేకుండా యుద్ధానికి పోతారని రాశాడు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కాలానికి కథ మారింది. దట్టంగా పొరలు కుట్టిన అంగీలు, మెడ మీదికి దిగే శిరస్త్రాణాలు ఆయన వర్ణనలో ఉన్నాయి.

అంటే 12వ శతాబ్దపు పల్నాటి వీరుడికి ఇనుప పలకల కవచం తొడగడం చరిత్ర కన్నా సినిమాకే దగ్గర. అలాగని నాటకం మ్యూజియం కాదు. వేదిక మీద వీరుడు పెద్దగా కనపడాలి. ఇక్కడ మధ్యేమార్గం ఉంది. ఛాతీకి పలకల బదులు దట్టంగా కుట్టిన గుడ్డ అంగీ ఆకారం ఎంచుకోవచ్చు. 5 మిల్లీమీటర్ల ఫోమ్ మీద అడ్డగీతలు, నిలువుగీతలు గీసి వేడి చూపితే పొరలు కుట్టిన గళ్లు అచ్చంగా వస్తాయి. పైన ముతక నూలుగుడ్డ అతికి రంగు వేస్తే దగ్గరికొచ్చి చూసినా నమ్ముతారు. తలకు శిరస్త్రాణం బదులు పాగా, దానిమీద కాగితపు తురాయి. ముంజేతులకు ఫోమ్ తొడుగులు. డాలు గుండ్రంగా, నడుమ ఉబ్బెత్తు మొగ్గతో. పాగా చెవులు మూయకపోతే పద్యానికీ ఇబ్బంది లేదు.

నగిషీ కావాలంటే తోలుబొమ్మలాటను చూడాలి. సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు తోలు మీద కోసే కిరీటాలు, హారాలు, భుజకీర్తులు మొదటినుంచీ చదునుగా గీసినవే. విప్పాల్సిన పని లేదు. 2 మిల్లీమీటర్ల ఫోమ్ మీద కోసి అతికిస్తే ఉబ్బెత్తు పనైపోతుంది. ఆ గీతలు వాళ్ల కష్టం కాబట్టి, వాళ్ల దగ్గరే నేర్చుకుని, వాళ్ల పేరు చెప్పి, ప్రతిఫలం ఇచ్చి వాడుకోవడం మర్యాద.

కదలిక సంగతి కూడా నమూనాలోనే తేలాలి. భుజకీర్తిని ఒకే ముక్కగా చేస్తే కత్తి ఎత్తగానే అది చెంపకు తగులుతుంది. మూడు నాలుగు సన్నపట్టీలు ఒకదానిమీదొకటి కాస్త ఎక్కేలా పేర్చి, లోపల ఎలాస్టిక్ పట్టీకి కుడితే చేయి ఎత్తినప్పుడు ముడుచుకుని, దించగానే జారుతాయి. నడుం దగ్గర ఛాతీకవచాన్ని బొడ్డుకు పైనే ఆపేయాలి. కింద కూర్చుంటే గడ్డానికి గుచ్చుకునే కవచాలు చాలానే ఉంటాయి.

ప్రమాదం, చెత్త

ఈ పనిలో దెబ్బలు ఎక్కువగా కట్టర్‌తోనే తగులుతాయి. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ను చింపుతుంది, బలం ఎక్కువ పెట్టమంటుంది, జారుతుంది. బ్లేడు తరచుగా మార్చాలి. పిల్లలు గీత గీస్తే పెద్దలు కోయాలి. సొల్యూషన్‌లో టోలీన్ లాంటి ద్రావకాలుంటాయి కాబట్టి ఆ పని వరండాలోనో డాబా మీదో చేయాలి, పక్కన పొయ్యి ఉండకూడదు. ఫోమ్‌ను సానబెట్టేటప్పుడు లేచే పొడికి ముక్కుకు మాస్కు కావాలి.

అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. అట్ట, ఫోమ్, ముఖమల్, ద్రావకపు రంగు, అన్నీ అంటుకునేవే. మన ఊరేగింపుల్లో కాగడాలుంటాయి, టపాకాయలుంటాయి. ఫోమ్ కాలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఫోమ్ కవచం తొడిగినవాడు కాగడాకు దూరంగా ఉండాలి; కవచం ఒక్క లాగుడుకు ఊడిపోయేలా కట్టు ఉండాలి. ముడి వేసిన నాడా కన్నా వెల్‌క్రో మంచిదనడానికి ఇదొక్కటే కారణం చాలు.

థర్మాకోల్ వాడకం ఇక మానుకోవాలి. సొల్యూషన్ తగిలినా, స్ప్రే రంగు తగిలినా అది కరిగిపోతుంది. పైగా అలంకరణకు వాడే థర్మాకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉంది. ఇ.వి.ఎ. ఫోమ్ మీద ఆ నిషేధం లేకపోయినా, అదీ మట్టిలో కలిసేది కాదు. ఒక్క ఫోటో కోసం చేసి పెంట మీద పారేస్తే థర్మాకోల్‌కూ దీనికీ తేడా ఏముంది? పదేళ్లు పదిమంది తొడిగితేనే ఫోమ్‌కు సమర్థన. కాగితం విషయంలో ఈ పేచీ తక్కువ. పాత అట్టపెట్టెలు, వార్తాపత్రికలు మళ్లీ పనికొస్తున్నాయి.

మిగిలిన పని

అన్నీ కలిపి చూస్తే సరుకు సమస్య తీరిపోయింది. మాచర్లలో ఏ స్టేషనరీ కొట్టులోనైనా మందపు కాగితం దొరుకుతుంది. ఫోమ్ షీటు చెప్పుల సామాను అమ్మేచోట అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా వస్తుంది. చేతిపని సమస్యా లేదు. టక్స్ దర్జీకి తెలుసు, అతుకు చెప్పులు కుట్టేవాళ్లకు తెలుసు, లప్పం, రంగు పెయింటర్లకు తెలుసు. ఈ ముగ్గురిని వదిలేసి అన్నీ వీడియోలోనే నేర్చుకుంటామనడం వల్ల డబ్బు, షీట్లు వృథా అవుతాయి.

కొరత నమూనాలకే. పల్నాటి వీరుల వేషానికి, మన వీరగల్లుల ఆధారంతో, మన పాగా కట్టుతో, మూడు నాలుగు సైజుల్లో కాగితం మీద గీసిన కొలతలు ఒకచోట లేవు. ఇది పెద్ద ఖర్చు అడిగే పని కాదు. ఒక హైస్కూలు చిత్రలేఖనం మాస్టారు, లెక్కల మాస్టారు, ఊళ్లోని నాటక సమాజం కలిస్తే ఒక వేసవిలో తేలుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఒకటి, పద్నాలుగేళ్లవాడికి ఒకటి, పెద్దలకు రెండు సైజులు. ప్రతి ముక్క మీద పేరు, కుడి ఎడమల గుర్తు, ఏ మందం ఫోమ్‌కు ఆ కొలత అన్నది రాసి, మందపు అట్ట మీద కోసి, బడి గ్రంథాలయంలో పెట్టాలి. అడిగినవాళ్లకు గీసుకోవడానికి ఇవ్వాలి. కవచాలు చిరుగుతాయి, రంగు పోతుంది, పిల్లలు ఎదిగి సైజు దాటిపోతారు. నమూనా ఉంటే మళ్లీ కోసుకోవచ్చు. పెట్టుబడి ఏదైనా పెట్టాలంటే షీట్ల మీద కన్నా ముందు ఆ అట్టల మీదే పెట్టాలి.